చెనక్కాయ పాలలో మన పాలెంత?



వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక సంగతి తేల్చాల. మన సంఘం నిధిలో 3 లక్షల 60 వేలు ఉంది. దాంట్లోంచి మన స్త్రీశక్తి గుంపు ఆడవాళ్ళకు చెనక్కాయ పాలు తీసే యంత్రం కొనివ్వాల్నా, వద్దా? ఆ డబ్బు హాలు పైకప్పు కోసమని అయిదేండ్లుగా కూడబెట్టింది. పెండ్లిండ్లకు ఇచ్చిన చదివింపుల్లోంచి నూరు, ఇన్నూరు తీసి ఇచ్చినవాళ్ళు ఉండారు మనలో. కాబట్టి ఊరికే చేతులెత్తి తీర్మానం చేసే విషయం కాదు ఇది. జనవరిలో నేను బెంగళూరు మేళాలో చూసొచ్చిన సంగతులు, ఇంటికొచ్చి వేసిన లెక్కలు అన్నీ ఒకచోట రాసిపెడితే చదివి, ఆలోచించి రావచ్చునని కార్యదర్శి అన్నాడు. అందుకే ఇది. పొడుగ్గానే ఉంటుంది. రెండు విడతలుగా చదివినా సరే.

నన్ను ఎరగని చిన్నవాళ్ళ కోసం ఒక మాట. మా పూర్వీకులు ఎప్పుడో అరవదేశానికి పోయిన తెలుగువాళ్ళు. నేను పుట్టింది విళుపురం దగ్గర. చదివిందంతా తమిళ మీడియం. తెలుగు మా అమ్మ నోట్లోంచి వచ్చింది, అక్షరాలు మాత్రం హిందూపురం స్టేషన్ బోర్డుల మీద, సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నవి. దక్షిణ రైల్వేలో గూడ్సు క్లర్కుగా చేరి, 2003లో మా డివిజన్ నైరుతి రైల్వేలో కలిసినాక అక్కడే రిటైరైనాను. మా ఇంటామె పుట్టిల్లు పావగడ కాబట్టి ఇప్పుడు నాదీ పావగడే.

చెనక్కాయకూ నాకూ ఉన్న సంబంధం చిన్నప్పటిది. మా విళుపురం వైపు దీన్ని మల్లాట్టై అంటారు. మనీలా కొట్టై అనే మాట నలిగి నలిగి అట్ల అయింది. ఇక్కడ మన మడికాండ్లు ఎన్నో ఏండ్లు వేసిన టీఎంవీ-2 విత్తనం ఉంది కదా, అందులో టీఎంవీ అంటే తిండివనం. గుడియాత్తం గుత్తి చెనక్కాయలోంచి ఏరి, 1940లో తిండివనం నూనెగింజల కేంద్రంలో విడుదల చేసినారు. మా ఊరి పక్క ఊరు. నేను పావగడకు రాకముందే మా వైపు గింజ వచ్చి ఇక్కడ కాపురం పెట్టిందన్న మాట.

ఇప్పుడు మేళా సంగతి. 2025 జనవరి 23 నుంచి 25 దాకా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో, త్రిపురవాసినిలో, కర్ణాటక ప్రభుత్వం సావయవ, సిరిధాన్యాల అంతర్జాతీయ వాణిజ్య మేళా పెట్టింది. ముగ్గురం పోయినాం. నేను, మా ఇంటామె అన్న కూతురు, వాళ్ళ గుంపులో లెక్కలు రాసే ఇంకొకామె. శక్తి యోజన పుణ్యమా అని వాళ్ళిద్దరికీ బస్సులో టికెట్ లేదు, నాకొక్కడికే టికెట్. మధుగిరి దాటేదాకా ఇద్దరూ దాని మీదనే నన్ను ఆట పట్టించినారు.

మేళా అంటే మన శనిమహాత్ముని తేరు రోజుల్లో పెట్టే అంగళ్ళు అనుకోవద్దండి. ఇది కొనేవాడు, అమ్మేవాడు కూర్చొని టన్నుల్లో మాట్లాడుకునే చోటు. ఒక పక్క రైతు గుంపులు, ఒక పక్క కంపెనీలు, ఇంకో పక్క యంత్రాలు. మొదట కనిపించేవి కొర్రలు, సామలు, ఆరికలు, ఊదలు. మా అత్తగారు కరువు రోజుల్లో వేరే గతి లేక తిన్నామని చెప్పే గింజలు. ఇప్పుడు గాజు సీసాల్లో, బంగారు రంగు మూతల కింద ఉండాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించినాక వాటికి ఈ మర్యాద ఇంకా పెరిగింది. దాన్ని చూసి నాకు సంతోషమే అయింది. ఒకప్పుడు పేదవాడి కూడు అన్నదాన్ని ఈ రోజు డబ్బున్నవాడు అడిగి కొంటా ఉంటే మంచిదే కదా.

మేము పోయింది మాత్రం వాటి కోసం కాదు. మొక్కల్లోంచి చేసే పాలు, పన్నీరు, మాంసం లాంటివి అమ్మేవాళ్ళ వరస ఒకటుంది. ఓట్స్ పాలు, బాదం పాలు, రాగి పాలు, సోయా పన్నీరు. పచ్చి పనసకాయ ముక్కలకు మసాలా పట్టించి బిర్యానీకి తయారుగా పెట్టినవి. బఠాణీ ప్రోటీన్‌తో చేసిన కోడిముక్కలు. అవి కోడివి కావు, కోడివి లాంటివి. ఒక పిల్లోడు చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చి, "సార్, ఇది చికెన్ కాదు, చెప్పుకోండి చూద్దాం" అన్నాడు. మా కోడలు పిల్ల నమిలి, "మీల్‌మేకర్ కదా నాయనా, మా ఊర్లో పెండ్లిండ్లలో ఎప్పుడో వండేసినారు" అనింది. ఆ పిల్లోడికి నవ్వాగలేదు. ధర అడిగితే మాకు నవ్వు రాలేదు.

మేళా అంతా తిరుగుతా ఉంటే నాకు మా గూడ్సు షెడ్డు మాట ఒకటి మనసులో ఆడతా ఉండింది. రైల్వే రసీదు మీద "సెడ్ టు కంటైన్" అని రాసే అలవాటు ఉంది. లోడింగు మా కండ్ల ముందర జరగకపోతే ఆ మాట రాస్తాం. అంటే లోపల ఇది ఉందని పార్టీ చెప్పినాడు, మేము విప్పి చూడలేదు, రేపు తేడా వస్తే పూచీ మాది కాదు అని. ఆహారం పాకెట్ ముందు వైపు రాసేదంతా ఆ రకమే. అసలు రసీదు పాకెట్ వెనక వైపు, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కండ్లద్దాలు పెట్టుకొని చదివినాను. బొమ్మలో బాదం కాయలు కుప్పలుగా పోసి ఉంటే, వెనక బాదం నూటికి నాలుగైదు పాళ్ళే. మిగతాది నీళ్ళు, కొంచెం నూనె, చిక్కదనానికి బంక, ఉప్పు, చక్కెర. మోసం అనను. వెనక రాసే ఉండారు కదా. కానీ ముందు వైపు మాత్రమే చదివే మన అలవాటు మీద ఆ వ్యాపారం నిలబడి ఉంది.

ఇంకొక విచిత్రం చూడండి. ఆ సీసాల మీద ఎక్కడా పాలు అన్న మాట లేదు. డ్రింక్ అనో, బెవరేజ్ అనో ఉంది. నేను అడిగితే చెప్పినారు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ప్రకారం పాలు, పెరుగు, వెన్న అనే పేర్లు పశువుల పాలకే. 2021లో ఆన్‌లైన్ అంగళ్ళ వాళ్ళకు కూడా అదే చెప్పి, మొక్కల పానీయాలను పాలు అని అమ్మవద్దన్నారు. ఏండ్ల నుంచి వాడుకలో ఉన్న కొబ్బరిపాలు, పీనట్ బటర్ లాంటి వాటికి మినహాయింపు ఉంది. యూరప్‌లో కూడా 2017లో అక్కడి పెద్ద కోర్టు ఇట్లాంటి తీర్పే ఇచ్చింది. ఆ తర్వాత 2022లో మన దేశంలో వేగన్ ఆహారానికని వేరే నియమాలు, పచ్చని ముద్ర వచ్చినాయి. వేగన్ అంటే పశువు నుంచి వచ్చేది ఏదీ, పాలూ తేనే కూడా, ముట్టనివాళ్ళు.

చట్టం చట్టమే. కానీ మన భాష ఈ పంచాయితీ ఎప్పుడో తీర్చేసింది. కొబ్బరిపాలు, నువ్వులపాలు అంటాం. తాగితే ప్రాణం పోయే జిల్లేడు పాలను కూడా పాలే అంటాం. తమిళంలోనూ అంతే, తేంగాయ్ పాల్. అయితే తెలుగులో పాలు అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. పాలు అంటే వాటా. అన్నదమ్ములు పాలు పంచుకున్నారంటే చెంబులో పాలు కాదు, ఆస్తి. వాడుక తమిళంలో ఆస్తి వాటాను పంగు అంటారు. బయటి బడిలో చదివి తెలుగులోకి వచ్చినవాడిని కాబట్టి నాకు ఇది వింతగా, ముద్దుగా ఉంటుంది. మేళాలో ఆ సీసా చేతిలో పట్టుకొని నేను అడుక్కున్న ప్రశ్న అదే. ఈ పాలలో చెనక్కాయ పండించినవాడి పాలెంత?

లెక్క వేస్తాం రండి. అందరికీ అర్థమయ్యేలాగ మెల్లగా వేస్తాను.

2024-25కు కేంద్రం చెనక్కాయకు ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. క్వింటాలు కాయ వలిస్తే సుమారు 70 కిలోల గింజలు వస్తాయి. అంటే కిలో గింజలు 97 రూపాయలు పడతాయి. లీటరు పాలు తీయడానికి 125 గ్రాముల గింజలు చాలునని యంత్రం వాళ్ళు చెప్పినారు. అంటే 12 రూపాయల గింజలు. ఆ వరసలో నేను చూసిన చెనక్కాయ డ్రింకు లీటరు 240 రూపాయలు. క్వింటాలు కాయలోంచి 560 లీటర్లు. వాటి అమ్మకం ధర 1 లక్షా 34 వేల 400. అందులో రైతుకు చేరేది 6,783. రూపాయికి అయిదు పైసలు.

పశువుల పాలలో ఎట్ల ఉంది? సహకార డెయిరీల వాళ్ళు వినియోగదారుడిచ్చే రూపాయిలో 70, 80 పైసలు రైతుకే పోతాయని చెప్పుకుంటారు. మన ఊర్లలో సొసైటీకి పాలు పోసే ఆడవాళ్ళు మేత ఖర్చు, దాణా ఖర్చు తీస్తే ఏమీ మిగలదంటారు, అదీ నిజమే. అయినా 70 పైసలకూ 5 పైసలకూ ఉన్న దూరం చూడండి.

ఇందులో నా ఉద్దేశం కంపెనీవాళ్ళను తిట్టడం కాదు. సీసా, చల్లదనం, లారీ, అంగడివాడి లాభం, ప్రకటన, పన్ను అన్నీ ఆ 240లోనే ఉండాయి. మేళా జరిగినప్పుడు ఇట్లాంటి పానీయాల మీద జీఎస్టీ 18 శాతం, సోయా పాల మీద 12. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ 5 శాతం చేసినారు. కాబట్టి ధర కొంచెం దిగొచ్చు. కానీ అది కొనేవాడికి దిగుతుంది, పండించేవాడికి ఎక్కదు.

మా కోడలు పిల్ల అక్కడే పట్టుకుంది. "అందుకే కదా మామా మనమే తీయాలంటా ఉండేది. గింజ మనది, చెయ్యి మనది. ఆ మిగతా 95 పైసల్లో సగం మనకు మిగిలినా చాలు కదా" అనింది.

ఆ అమ్మాయి మాటలో బలం ఎక్కడిదో మీకు తెలుసు. వాళ్ళ గుంపులో పదకొండు మంది. చాలామంది తిరుమణి వైపు వాళ్ళు. అక్కడ 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది, 2,050 మెగావాట్లు. భూమి ఉన్నవాళ్ళకు ఎకరాకు ఏడాదికి 21 వేల కౌలు, రెండేండ్లకొకసారి అయిదు శాతం పెంపు. వాన రాకపోయినా వచ్చే డబ్బు కాబట్టి వాళ్ళు సంతోషంగా ఇచ్చినారు, తప్పు పట్టేదేం లేదు. భూమి లేనివాళ్ళ సంగతి వేరే. చెనక్కాయ చేనిలో కలుపు తీసి, కాయ పెరికి, కాయ కోసి బతికినవాళ్ళకు అద్దాల పలకల కింద కలుపు తీసే పని ఎంతమందికి దొరుకుతుంది? ఈ పదకొండు మందిలో ఏడుగురికి సెంటు భూమి లేదు. యంత్రం అడగతా ఉండేది షోకుకు కాదు.

కాబట్టి యంత్రం వద్దు అని ఒక్క మాటలో కొట్టేయడానికి నాకు మనసు రాలేదు. ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టినాను. చదివితే తెలిసింది ఏమంటే, చెనక్కాయ పాలు కొత్త సంగతి కానే కాదు.

స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఓట్స్ పాలు కనిపెట్టింది 1990ల్లో. దానికంటే ముందే మన మైసూరులో ఆ దారి తొక్కినారు. 1950లో చెలువాంబ భవనంలో మొదలైన సీఎఫ్‌టీఆర్‌ఐ, అంటే కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, నూనె తీసిన చెనక్కాయ పిండి ముప్పాతిక పాళ్ళు, వేయించిన శనగపిండి పావు పాళ్ళు కలిపి, విటమిన్లు, సున్నం సత్తువ చేర్చి పిల్లలకు బహుళార్థ ఆహారం అని తయారు చేసింది. ఆ తర్వాత చెనక్కాయలోని ప్రోటీన్ తీసి పశువుల పాలలో కలిపి మిల్టోన్ అనే పానీయం చేసినారు. 1970ల్లో బెంగళూరులో అది అమ్మినారు కూడా. పాలు చాలని దేశంలో ఉన్న పాలను రెండింతలు చేసే ఉపాయం అది.

మరి ఎందుకు నిలవలేదు? నాకు తోచింది రెండు కారణాలు. ఒకటి, 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌తో పల్లె పల్లెకూ డెయిరీ వచ్చింది, అసలు పాలే దొరికినాక కొసరు పాలు ఎవరికి కావాల? రెండోది, చెనక్కాయకు పట్టే బూజు. ఈ రెండోది మన విషయానికి చాలా ముఖ్యం. దయచేసి ఇక్కడ నిదానంగా చదవండి.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఏ రోగమో తెలియకుండా చచ్చిపోయినాయి. వెతికితే వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ చెనక్కాయ చెక్కలో విషం ఉన్నట్టు తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కక్కే విషం అది. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు. కంటికి కనపడదు, వాసన ఉండదు. మరిగించినా, వేయించినా పూర్తిగా పోదు. ఎక్కువ రోజులు ఒంట్లోకి పోతే కాలేయానికి క్యాన్సర్ తెస్తుంది. ఈ బూజు ఎప్పుడు పడుతుంది? కాయ ఊరే చివరి రోజుల్లో వాన ఎగ్గొడితే పడుతుంది. కోత అయినాక కాయ సరిగా ఎండక ముందే వాన తగిలినా పడుతుంది. మూటల్లో తడి ఉంటే పడుతుంది. మన పావగడలో ఈ మూడూ మామూలే కదా. కాయలో తడి నూటికి 8 పాళ్ళ లోపు దిగేదాకా ఎండించాలంటారు. మనం పంటి కింద కొరికి, చెవి దగ్గర ఆడించి చూస్తాం. అది అనుభవమే, కాదనను. కానీ పాల సీసా మీద అనుభవం అని రాసి అమ్మలేం. యూరప్‌లో నేరుగా తినే చెనక్కాయలో ఈ విషం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే సరుకు వెనక్కే.

నూనె ఆడినప్పుడు ఈ విషం ఎక్కువగా చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క ఎనుముకు పెడితే దాని పాలలోకి కొంత దిగుతుంది. అంటే ఇది చెనక్కాయ పాల గొడవ మాత్రమే కాదు, మనం ఇప్పుడు తాగే పాల గొడవ కూడా. ఒక విధంగా చూస్తే మన తాలూకాలో ఎనుము ఇచ్చేదీ చెనక్కాయ పాలే. శెనగ కట్టె తిని, చెక్క తిని ఇస్తాది కాబట్టి. డెయిరీకి పాలు పోసేవాళ్ళు, చెనక్కాయ పాలు తీస్తామనేవాళ్ళు ఒకరికొకరు పోటీ అనుకోవద్దు. ఇద్దరికీ కావాల్సింది బాగా ఎండిన, బూజు లేని కాయ.

ఇంకో రెండు మాటలు. ఆవు పాలు లీటరులో సుమారు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చెనక్కాయ పాలు లీటరులో ఏమీ కలపకపోతే నూరు, నూట ఇరవై మించదు. బీ12 విటమిన్ అసలే ఉండదు. పాలు పడని పెద్దవాళ్ళకు చెనక్కాయ పాలు మంచి ఉపాయం. మన దక్షిణాదిలో పాలు అరగనివాళ్ళు చాలామందే ఉండారు. కానీ ఇవి తాగించి పసిపిల్లలకు ఆవు పాలు మానేయవచ్చునని ఎవరూ అనుకోకూడదు. పిల్లకు కాల్షియం కావాలంటే మన రాగి సంగటే ఉంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు తక్కువ ఉండదు. ఇక చెనక్కాయ పడనివాళ్ళు కూడా కొందరుంటారు, వాళ్ళకు అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ హెచ్చరిక పాకెట్ మీద రాయాల్సిందే.

ఇప్పుడు యంత్రం దగ్గరికి వస్తాం. మేళాలో మేము చూసిన చిన్న యంత్రం 4 లక్షల 75 వేలు చెప్పినారు. నానబెట్టిన గింజలు రుబ్బి, మరిగించి, వడగట్టి ఇస్తుంది. కేంద్రం పెట్టిన చిన్న ఆహార పరిశ్రమల పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద 2025లో బ్యాంకు అప్పు తీసుకుంటే 35 శాతం, 10 లక్షల దాకా సబ్సిడీ ఉండింది. కర్ణాటక ప్రభుత్వం ఇంకో 15 శాతం కలిపేది. మహిళా గుంపు సభ్యులకు తలా 40 వేల దాకా విత్తన పెట్టుబడి కూడా ఉండింది. డబ్బు దొరకని పని కాదన్న మాట.

చిక్కు అమ్మకంలో ఉంది. ఆ యంత్రంలోంచి వచ్చే పాలు ఫ్రిజ్‌లో పెట్టినా మూడు, నాలుగు రోజులే. ఆరు నెలలు నిలిచే పెట్టె పాలకు కావాల్సిన యంత్రం మన నిధితో, మన పది సంఘాల నిధితో కూడా రాదు. పావగడలో లీటరు 100 పెట్టి ఎవరు కొంటారు? నందిని పాకెట్ 50 లోపలే వస్తా ఉంటే? కొనేవాళ్ళు ఉండేది బెంగళూరులో, 150 కిలోమీటర్ల పైమాట. మధ్యలో చల్లబండి కావాల. గూడ్సు షెడ్డులో నేను చూసినదాన్ని బట్టి చెప్తా ఉండాను. చెడిపోయే సరుకు, దూరం, చిన్న మూట, ఈ మూడూ ఒకచోట చేరితే బాగుపడేది మధ్యలో ఉన్నవాడే.

ఇదంతా మా కోడలు పిల్లకు కాగితం మీద వేసి చూపించినాను. అంతా చదివి, కాసేపు ఊరకుండి, అప్పుడు అనింది: "మామా, నువ్వు ముప్పై ఏండ్లు మూటలు లెక్కపెట్టినావు. మూట మోసినవాళ్ళను ఎప్పుడైనా లెక్కపెట్టినావా? నీ లెక్కలో మా పదకొండు మంది కూలి ఏ గళ్ళో ఉంది?"

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నిజంగా ఆ గడి గీయాల్సిందే. గీసినాను. అప్పుడు లెక్క ఇంకో దారి చూపించింది.

పాలు తీయడం కాకుండా, గింజను మంచి గింజగా చేయడంలోనే కూలి ఎక్కువ ఉంది, ఖర్చు తక్కువ ఉంది. కాయ ఎండించాల, వలవాల, పుచ్చు గింజ, ముడత గింజ, రంగు మారిన గింజ ఏరి పారేయాల. బూజు విషం ఎక్కువగా ఉండేది ఆ పాడు గింజల్లోనే. ఏరడానికి ఆడవాళ్ళ కన్నూ, వేళ్ళూ కావాల. ఆ తర్వాత వేయించడం, ఊరుబిండి పొడి, బెల్లం పాకం ఉండలు, పీనట్ బటర్. ఇవన్నీ పాలలాగా మూడు రోజుల్లో విరిగిపోవు. వారాలు, నెలలు ఆగుతాయి, బస్సు డిక్కీలో పోతాయి. పీనట్ బటర్‌కు పేరు గొడవ కూడా లేదు. పశువు నుంచి వచ్చేది ఏదీ కలపం కాబట్టి, కావాలంటే అనుమతి తీసుకొని వేగన్ ముద్ర కూడా వేసుకోవచ్చు. 2025లో ఏటా 12 లక్షల అమ్మకం లోపల ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చిన్న రిజిస్ట్రేషన్ చాలేది, ఏడాదికి నూరు రూపాయలు. అదే మేళాలో తడి కొలిచే మీటరు, మంచి టార్పాలిన్లు, చిన్న వలిచే యంత్రం, వేయించే డ్రమ్ము ధరలు అడిగి రాసుకొచ్చినాను. అన్నీ కలిపి లక్షా యాభై వేల లోపు.

పాలు తీసే కంపెనీలకు కూడా కావాల్సింది ఇదే. ఒక చోట నేను అడిగితే, బూజు పరీక్షలో నెగ్గిన గింజ ఎక్కడ దొరికినా మార్కెట్టు మీద ఎక్కువిచ్చి కొంటామన్నారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని పట్టే పరీక్ష తయారు చేసి ఉండారు. పరీక్ష కాగితం చేతిలో ఉంటే మన గింజ "సెడ్ టు కంటైన్" కాదు, విప్పి చూసి ముద్ర వేసిన సరుకు.

పాలు, అంటే వాటా, ముందే రాసుకోవాల. దీనికి మన జిల్లాలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. గుబ్బి తాలూకా చేలూరు రైతు ఒకాయన తోటలో ఎర్ర తొనల పనస చెట్టు ఉంది. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు దాన్ని పరీక్షించి, ఆయన తండ్రి పేరు మీద సిద్దు అని పేరు పెట్టి, మొక్కల మీద వచ్చే డబ్బులో ముప్పాతిక భాగం ఆ రైతుకే అని ఒప్పందం రాసుకున్నారు. పెద్ద సంస్థ, ఒక్క రైతు. అయినా కాగితం మీద రాసుకున్నారు కాబట్టి ఆయన పాలు ఆయనకు వచ్చింది.

కాబట్టి నేను సమావేశంలో పెట్టబోయే మాట ఇది.

ఒకటి, పాల యంత్రం ఈ ఏడాది వద్దు. రెండు, నిధిలోంచి లక్షా యాభై వేలు స్త్రీశక్తి గుంపుకు వడ్డీ లేకుండా మూడేండ్లకు ఇద్దాం. మిగతా 2 లక్షల 10 వేలు పైకప్పుకే ఉండనీ. మూడు, సంఘం సభ్యుల దగ్గర 8 పాళ్ళ తడి లోపు ఉన్న కాయను ఆ రోజు మార్కెట్టు ధర మీద కొంచెం ఎక్కువిచ్చి ఆ గుంపే కొనాల. నాలుగు, లాభంలో కూలి చేసిన ఆడవాళ్ళ పాలెంత, కాయ ఇచ్చిన రైతు పాలెంత, సంఘం పాలెంత అన్నది మొదటి మూట విప్పకముందే మినిట్స్ పుస్తకంలో రాసి, అందరూ సంతకం పెట్టాల. అయిదు, ఏడాది తర్వాత బెంగళూరులో నికరంగా కొనేవాడు దొరికితే పాల యంత్రం మాట మళ్ళీ ఎత్తుదాం. అప్పుడు వద్దనేవాళ్ళలో నేనుండను.

మా కోడలు పిల్ల దీనికి సగమే ఒప్పుకుంది. ఏడాది ఆగితే ఆ దారిలో ఇంకెవరో ముందు పోతారనేది ఆమె భయం. అది ఉత్త భయం కాదు. మేళాలో అంత జనాన్ని చూసినాక నాకూ అనిపించింది. సమావేశంలో ఆమె కూడా మాట్లాడతాది. నా లెక్క విన్నట్టే ఆమె మాటా పూర్తిగా వినండి, మధ్యలో అడ్డం పడొద్దు. ఆడపిల్లకు లెక్కలేం తెలుసని ఎవరైనా అంటే మాత్రం ముందు నాతో మాట్లాడాల్సి ఉంటుంది.

చివరగా ఒక పని. సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి ఇంటి నుంచి ఈ ఏడు పండిన చెనక్కాయ ఒక కిలో తీసుకురండి. మూట మీద ఊరి పేరు, కోసిన తేదీ, ఎన్ని రోజులు ఎండబెట్టినారో రాయండి. అడిగి తెచ్చిన తడి మీటరు ఆ రోజు నా దగ్గర ఉంటుంది. అందరి కాయా అందరి ముందర కొలుద్దాం. ఎవరి కాయలో ఎంత తడి ఉందో తెలిసినాక ఓటు వేద్దాం.